ఆగడానికి చోటున్న రోడ్డు

షోలవరం రన్‌వే మీద నిలబడి ఎదురుగా చూడండి. చూపు ఆనినంత దూరం నేల చదునుగా, తిన్నగా సాగిపోతోంది. మలుపు లేదు, స్పీడ్ బ్రేకర్ లేదు, అడ్డంగా వచ్చే బర్రె లేదు. తొమ్మిది కాకముందే నేల వేడి చెప్పుల్లోంచి తగులుతోంది. గాలినిండా కాలిన టూ-టీ ఆయిల్ వాసన. వరంగల్‌లో మెకానిక్ షెడ్ల పక్కన పెరిగినవాళ్ళకు ఆ వాసన తగిలితే చాలు, ప్రాణం లేచొస్తుంది.

2000 తర్వాతి తొలి దశాబ్దం ఇది. చెన్నై నుంచి నెల్లూరుకు పోయే రోడ్డులో, రెడ్‌హిల్స్ దాటాక వస్తుంది షోలవరం. రెండో ప్రపంచ యుద్ధం నాడు విమానాల కోసం పోసిన రన్‌వే. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, నేల మిగిలింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని పందేల మైదానం చేసింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు దక్షిణాదిలో మోటారు పందెం అంటే షోలవరమే. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో అసలైన ట్రాక్ వచ్చాక మలుపుల పందేలు అటు తరలిపోయాయి. ఈ తిన్నని నేలకు డ్రాగ్ రేసు దక్కింది. పక్కపక్కన రెండు బండ్లు, 402 మీటర్లు. అమెరికా లెక్కలో పావు మైలు. ఎవరు ముందు దాటితే వాళ్ళది.

మన బండి ఆర్‌ఎక్స్ 100. నిన్న సాయంత్రం వరంగల్ స్టేషన్ పార్సిల్ ఆఫీసు ముందు ట్యాంకులో పెట్రోలు ఆఖరి బొట్టుదాకా తీసేసి, గోనెపట్టాలు చుట్టి, సుతిలితో బిగించి బ్రేక్‌వ్యాన్‌లో ఎక్కించాం. ఆరు వందల పైచిలుకు కిలోమీటర్లు. ఖమ్మం, బెజవాడ, గూడూరు, ప్రతి పెద్ద స్టేషన్‌లోనూ తమ్ముడు దిగి బ్రేక్‌వ్యాన్ దాకా ఉరికి, తలుపు తెరిస్తే బండిని తొంగిచూసి వచ్చాడు. నడిపేది అతనే. బండి కట్టింది మాత్రం మా మెకానిక్ ఉస్తాద్.

ఆర్‌ఎక్స్ 100 మన దగ్గర 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. 98 సీసీ, టూ స్ట్రోక్, నాలుగు గేర్లు. కంపెనీ ఇచ్చింది 11 గుర్రాల బలం. ఎత్తుకుంటే గుంజుడు మాత్రం వేరే లెవెల్. దాన్ని ఉస్తాద్ రాత్రుళ్ళు కూర్చుని విప్పాడు. పోర్టులు నున్నగా రుద్దాడు, హెడ్ కొంచెం దించాడు, పాత సైలెన్సర్ తీసి పారేశాడు. దాని చోట ఇప్పుడు రేకు ముక్కలు గరాటుల్లా చుట్టి వెల్డింగ్ చేసిన చాంబర్ ఉంది. మధ్యలో లావు, రెండు కొసలా సన్నం. చూసినవాళ్ళు అది చప్పుడు కోసం అనుకుంటారు. కాదు. ఇంజిన్ లోంచి పొగ దూకినప్పుడు పుట్టే ఒత్తిడి అల ఆ సన్నటి కొసకు తగిలి వెనక్కి కొడుతుంది. పొగతో పాటు జారిపోబోయిన తాజా పెట్రోలును, గాలిని మళ్ళీ సిలిండర్‌లోకి నెట్టేస్తుంది. ఆ అల సరైన క్షణానికి తిరిగొచ్చేలా గొట్టం పొడవు కుదరాలి. ఉస్తాద్ ఏ కాలేజీలోనూ చదవలేదు. చెవితోనే కుదిర్చాడు.

దగ్గరికి రండి, ఆయన చేతులు చూడండి. తమ్ముడు ఒకసారి బండి తోలి వచ్చాడు. ఇంజిన్ బంద్ కాగానే ఉస్తాద్ పాత బనీను గుడ్డ అడ్డం పెట్టి ప్లగ్ విప్పాడు. కాలుతున్న ప్లగ్‌ను ఎండకు తిప్పి లోపలి పింగాణీ రంగు చూస్తున్నాడు. చాయ్ రంగు ఉంటే బాగున్నట్టు. నల్లగా, జిడ్డుగా ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతున్నట్టు. ఇప్పుడు తెల్లగా ఉంది. అంటే పెట్రోలు చాలట్లేదు. ఇంకాస్త గుంజితే పిస్టన్ పట్టేస్తుంది.

"నిన్న ఊర్ల మంచిగనే ఉండె గదా ఉస్తాద్?"

"ఊరు ఎత్తుల ఉంటది బేటా. ఈడ పక్కనే సముద్రం. గాలి చిక్కగుంటది. పెద్ద జెట్ ఎయ్యాలె."

ఆ మాటలో శాస్త్రమంతా ఉంది. వరంగల్ సముద్ర మట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తున ఉంటుంది. కిందికి దిగితే గాలి సాంద్రత పెరుగుతుంది, దానికి తగ్గట్టు పెట్రోలూ పెరగాలి. అగ్గిపెట్టెలో దాచి తెచ్చిన, పెట్రోలు వదిలే పెద్ద చిల్లు ఇత్తడి జెట్‌ను ఆయన కార్బురేటర్‌లో బిగించాడు.

పిలుపొచ్చింది. గీత దగ్గర పక్క వరుసలో బెంగళూరు నంబరు బండి. తమ్ముడు బండిని నిలబెట్టి వెనక చక్రం తిప్పి టైరు వేడి చేశాడు. ఇప్పుడు ట్యాంకు మీదికి ఒంగాడు, గడ్డం దాదాపు మీటరుకు తగులుతోంది. బరువు ముందుకు వెయ్యకపోతే క్లచ్ వదలగానే ముందు చక్రం లేస్తుంది, లేచిందంటే ఆ పందెం పోయినట్టే. స్తంభం మీద పసుపు దీపాలు. పచ్చ వెలగకముందు కదిలితే ఫౌల్, వెలిగాక తడుముకుంటే ఓటమి.

పచ్చ.

చప్పుడు ముందు చెవులకు కాదు, ఛాతీకి తగులుతుంది. ఒకటి, రెండు. గేరు మారినప్పుడల్లా అరుపు ఒక్క క్షణం తెగి మళ్ళీ అంటుకుంటుంది. మూడు. బెంగళూరు బండి అర చక్రం ముందుంది. నాలుగు. నీలి పొగ లోంచి ఇద్దరి వీపులూ చిన్నవవుతున్నాయి. పదహారు సెకన్లు కూడా పట్టలేదు.

జనం అక్కడితో చూపు తిప్పేసుకుంటారు. మీరు తిప్పకండి. గీత దాటాక చూడండి. గంటకు 108 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 30 మీటర్లు. తమ్ముడు నింపాదిగా లేచి కూర్చున్నాడు, గాలికి ఛాతీ ఇచ్చాడు, మెల్లగా బ్రేకు పట్టాడు. బండి ఇంకా పోతూనే ఉంది. పోనివ్వండి, ముందు బోలెడు రన్‌వే ఉంది. డ్రాగ్ స్ట్రిప్‌కు ప్రాణం ఆ 402 మీటర్లలో లేదు, దాని తర్వాత మిగిలే నేలలో ఉంది. ఇదే తమ్ముడు, ఇదే బండి, రాత్రిపూట ఖమ్మం రోడ్డు మీద పందెం వేసుకుంటే ఆ చివర ఏముంటుంది? లైట్లు లేని ఎడ్లబండి, వడ్ల లారీ, కల్వర్టు గోడ.

అమెరికా పిల్లలూ మొదట రోడ్ల మీదే పందేలు వేశారు. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో ఒక విమానాశ్రయపు రన్‌వే మీద వాళ్ళకు డబ్బు కట్టి ఆడే పందెపు బాట దొరికింది. మరుసటి ఏడాది వాలీ పార్క్స్ అనే పత్రికా సంపాదకుడు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టి హెల్మెట్టు, బ్రేకుల తనిఖీ, నియమాలు తెచ్చాడు. వాళ్ళ మొదటి జాతీయ పోటీ 1955లో కాన్సాస్‌లోని గ్రేట్ బెండ్‌లో జరిగింది. అదీ యుద్ధకాలపు విమానాల నేలే. కుర్రాళ్ళను తిట్టి రోడ్డు మీంచి తరమలేదు, వాళ్ళకు చోటు చూపించారు. నాకు వాలీ పార్క్స్ మీద గౌరవం అందుకే.

మనకూ అలాంటి నేల ఉండేది. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్ళే దారిలోనే మామునూరు. 1930లో నిజాం కాలంలో వేసిన విమానాశ్రయం, 1981 దాకా నడిచింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు పనిలేకుండా పడి ఉంది. దాని పక్క రోడ్డు మీదే మన పిల్లలు యాక్సిలరేటర్ తిప్పారు. ఏడాదికి ఒక్క ఆదివారం, ఒక అంబులెన్సు, నాలుగు ఇసుక బస్తాలు, పోలీసుల పహారాలో ఆ నేల తెరిచి ఉంటే ఎంత బాగుండేది! 2025లో మామునూరు విమానాశ్రయానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. విమానాలు రావాలి, సంతోషమే. కానీ ఆ పిల్లల చోటు ఇంకెక్కడైనా వెతకాలి, ఆ వెతుకులాట ఇప్పుడే మొదలవ్వాలి.

షోలవరంలో తమ్ముడు తిరిగొచ్చాడు. హెల్మెట్టు తీయకముందే అరుస్తున్నాడు: "నాలుగో గేర్ల గీత కంటే ముందే అయిపోయింది ఉస్తాద్! ఊకె అరుస్తున్నది, పోతలేదు!"

టైం చీటీ ఇచ్చారు. బెంగళూరు బండి గెలిచింది, తేడా సెకనులో చిన్న ముక్క. ఉస్తాద్ చీటీ వైపు ఒక్కసారి చూసి జేబులో పెట్టుకున్నాడు. గోనెసంచి పరిచి వెనక చక్రం పక్కన కూర్చున్నాడు.

"వెనక స్ప్రాకెట్ రెండు పళ్ళు తక్కువది ఉన్నది సంచిల. తే. ఇంకో రౌండు ఉన్నది గదా?"