జెర్సీలు ఉతికిన కోచ్.. 1098 మ్యాచ్‌లు గెలిపించింది! ఎవరీ పాట్ సమ్మిట్?

నెలకు జీతం 250 డాలర్లు. టీమ్ వ్యాన్ నడిపేది ఆమే.. ప్లేయర్ల జెర్సీలు ఉతికేదీ ఆమే! 1974లో అమెరికాలోని టెన్నెస్సీ యూనివర్సిటీ మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్ అయ్యేనాటికి పాట్ సమ్మిట్ వయసు 22 ఏళ్లే. జట్టులో కొందరు ఆమె కంటే ఒక్క ఏడాది చిన్నవాళ్లు అంతే. అదే యూనివర్సిటీలో 38 సీజన్లు పనిచేసి తప్పుకునేసరికి 1098 విజయాలు, 8 జాతీయ టైటిళ్లు ఆమె ఖాతాలో ఉన్నాయి. అప్పటికి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టాప్ డివిజన్‌లో మగ కోచ్‌లకు కూడా అన్ని విజయాలు లేవు.

సమ్మిట్‌ది రైతు కుటుంబం. ముగ్గురు అన్నలతో కలిసి గడ్డి నిల్వచేసే కొట్టంలో బాస్కెట్‌బాల్ ఆడేవారు. హైస్కూల్‌లో అమ్మాయిల జట్టు లేదని, జట్టు ఉన్న పక్క ఊరికి కుటుంబమే మకాం మార్చేసింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ తొలిసారి పెట్టినప్పుడు అమెరికా జట్టు కో-కెప్టెన్‌గా రజతం గెలిచారు. 1984లో కోచ్‌గా స్వర్ణం అందించారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ వివక్ష కుదరదన్న చట్టం అమెరికాలో వచ్చిందే 1972లో. మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌కు ఎన్‌సీఏఏ టోర్నీ మొదలైంది 1982లో. అంటే సమ్మిట్ కోచ్‌గా చేరేనాటికి గెలవడానికి ఆ టోర్నీయే లేదన్నమాట! తొలి టైటిల్ 1987లో వచ్చింది. 1996, 97, 98.. వరుసగా మూడు. వాటిలో చివరి సీజన్‌లో 39 మ్యాచ్‌లాడి 39 గెలిచారు.

ఆమె కోపంగా చూస్తే ప్లేయర్లకు వణుకే. క్లాసులో ముందు మూడు వరుసల్లోనే కూర్చోవాలి. కారణం లేకుండా క్లాస్ ఎగ్గొట్టడానికి లేదు. ఫలితం ఏంటంటే.. ఆమె దగ్గర పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పట్టా అందుకుంది. ఈ లెక్క ముందు ట్రోఫీలు కాస్త చిన్నగానే కనిపిస్తాయి.

2011 ఆగస్టులో పిడుగులాంటి వార్త. 59 ఏళ్లకే అల్జీమర్స్! సమ్మిట్ దాచుకోలేదు. తనే బయటపెట్టి, సహాయ కోచ్‌ల అండతో మరో సీజన్ నడిపించారు. ఆ వ్యాధిపై పోరుకు ఫౌండేషన్ కూడా పెట్టారు. 2012 ఏప్రిల్‌లో బాధ్యతలు వదిలేశారు. అదే ఏడాది అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు. 2016 జూన్ 28న 64 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మహిళల బాస్కెట్‌బాల్‌లో ఆమె 1098 రికార్డును 2020లో స్టాన్‌ఫర్డ్ కోచ్ తారా వాండర్‌వీర్ దాటేశారు. ఇక టెన్నెస్సీలో మాత్రం ఆమె తర్వాత 2024 వరకు కోచ్ సీటులో ఉన్నది ఆమె దగ్గర ఆడినవాళ్లే.. మొదట హోలీ వార్లిక్, 2019లో కెల్లీ హార్పర్. 39కి 39 గెలిచిన ఆ జట్టులో హార్పర్ పాయింట్ గార్డ్.