వంగి తిరుగు ఇరుసు కథ

బండి నడువవలెనన్న ఇరుసునకు కందెన కావలెనని మన రైతునకు ఒకరు నేర్పనక్కరలేదు. చక్రము చేయు చప్పుడును బట్టియే లోపమును గుర్తించి, చీల తీసి, ఇంటి ముంగిటనే బండిని బాగుచేసికొనెడివాడు. మోటారు వచ్చిన పిదప ఈ స్వాతంత్ర్యము యజమాని చేయి దాటినదని పలువురు తలతురు. కారు ముందు చక్రములను త్రిప్పెడి డ్రైవ్ షాఫ్టు చరిత్రను పరిశీలించినచో ఆ తలపు సగము మాత్రమే నిజమని తేలును.

ఎద్దుబండి ఇరుసు తాను తిరుగదు. చక్రమే దానిపై తిరుగును. కారునందు ఇంజను బలమును ఇరుసే చక్రమునకు చేర్చవలెను. ఇంజను తన చోట నుండును. చక్రము గుంతలో దిగును, మిట్టపై లేచును. కనుక ఇరుసు వంగుచు తిరుగవలెను. ఇందుకు ఆధారమైన కీలునకు 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు నిలిచినది. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1676లో దానిని వర్ణించెను. రెండు కవలల నడుమ అడ్డముగా నాలుగు కొమ్ముల ముక్క యొకటి, అంతే ఆ కీలు. 1898లో లూయీ రెనో గొలుసునకు బదులు ఇట్టి షాఫ్టునే తన చిన్న కారున అమర్చెను.

కాని ఈ కీలునందు ఒక దోషము కలదు. షాఫ్టులు రెండును 30 డిగ్రీల కోణమున నున్నచో, మొదటిది సమవేగమున తిరిగినను, రెండవది ప్రతి చుట్టునందును రెండుమార్లు నూటికి 13 వంతులు మందగించి, రెండుమార్లు 15 వంతులు వేగిరపడును. వెనుక చక్రములతో నడచు కారునందు కోణము స్వల్పమగుటచే ఇది తెలియదు. 1950ల చివర మొదలై 2014 వరకు తయారైన మన అంబాసిడరు అట్టిదే. ముందు చక్రములు మలుపునకై ప్రక్కకును తిరుగవలెను గనుక, అచట ఈ దోషము కుదుపై చేతికి తగులును.

1926లో ఫ్రాన్సునందు గ్రెగ్వార్, ఫెనాయ్ అనువారు సమవేగముగా తిరుగు కీలును రూపొందించిరి. ఆ దశకముననే అమెరికాలో ఆల్ఫ్రెడ్ జెప్పా వంపు గాళ్ళలో ఆరు ఉక్కుగుండ్లను అమర్చెను. షాఫ్టు ఎటు వంగినను గుండ్లు ఆ కోణమునకు సరిగా నడిమి తలమున నిలుచును. అందువలన రెండు షాఫ్టుల వేగము సమమగును. రెండవ ప్రపంచ యుద్ధమున జీపుల ముందు ఇరుసులలో ఇట్టి కీళ్ళు పనిచేసెను. 1956 సూయజ్ సంక్షోభమున పెట్రోలు కరవైనప్పుడు ఇంగ్లండున చిన్న కారు అవసరమై, 1959లో ఇసిగోనిస్ రూపొందించిన మినీ వెలువడెను. పది అడుగుల ఆ కారు జెప్పా కీలును సామాన్యుని ఇంటికి తెచ్చెను. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 యజమాని చేతికి అందుటతో, మన వీధులలో ముందు చక్రముల కార్ల యుగము మొదలైనది.

ఈ కీలునకు మాటిమాటికి గ్రీజు పెట్టనక్కరలేదు. గ్రీజు లోపలనే ఉండును; ముడుతల రబ్బరు బూటు దానిని కాపాడును. పాత కార్ల యజమాని గ్రీజు పెట్టు వేళ క్రిందికి వంగి సమస్తమును చూచెడివాడు. ఇప్పుడు ఆ వేళయే లేకపోయినది. బూటు చిట్లినచో గ్రీజు వెలికి చిమ్మును, దుమ్ము లోపల చేరును, గాళ్ళు అరుగును. స్టీరింగు పూర్తిగా త్రిప్పినప్పుడు వినవచ్చు టకటక ధ్వని అప్పటి సంగతియే. స్వల్ప వెలగల రబ్బరు తొడుగును గమనింపనందున ఖరీదైన షాఫ్టు పోవును. సస్పెన్షను బాల్ జాయింటునకును ఇట్టి తొడుగే కలదు; అది అరిగి ఊడినచో చక్రమే ప్రక్కకు ఒరిగిపోవును.

ఈ భాగములను ఇంటనే మార్చుకొనువారు కొన్నిటిని మరువరాదు. హబ్ నట్టును చక్రము నేలపై నుండగనే వదులు చేయవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు; స్టాండ్లు పెట్టక కారు క్రింద చేరరాదు. షాఫ్టు ఊడదీయుటకు ముందు గేరుబాక్సు నూనె దింపవలెను. నడిమి కడ్డీని పట్టి లాగరాదు. లాగినచో లోపలి కీలు విడిపోవును. బ్రేకు కాలిపరును గొట్టముపై వ్రేలాడదీయరాదు. రబ్బరు బుష్షుల బోల్టులను కారు బరువు చక్రములపై నున్నప్పుడే బిగించవలెను. గాలిలో బిగించిన బుష్షు మెలిపడి త్వరలో చినుగును. హబ్ నట్టు క్రొత్తదై యుండవలెను. దాని బిగువు తయారీదారుని పుస్తకములోని కొలత ప్రకారము ఉండవలెను. చివరకు చక్రముల అలైన్‌మెంటు చూపించవలెను. ఇన్ని పనిముట్లు లేనివారు మెకానిక్కు చేత చేయించుటయే మేలు.

మూడు శతాబ్దములలో కీలు మెరుగై, కందెన వేయు శ్రమ తప్పినది. చూచు బాధ్యత మాత్రము తప్పలేదు. నెలకొకమారు స్టీరింగు ఒక వైపునకు పూర్తిగా త్రిప్పి, చక్రము వెనుక నున్న బూటును దీపపు వెలుగున పరికించుటకు పనిముట్టు ఏదియు అక్కరలేదు.