స్థూలకాయ శస్త్రచికిత్స: అంకెలు, షరతులు

చరకసంహిత సూత్రస్థానంలోని 'అష్టౌనిందితీయ' అధ్యాయం ఎనిమిది నిందిత శరీరాలలో అతిస్థూలాన్ని ఒకటిగా పేర్కొన్నది. వైద్యపరిభాషలోనే నిందకు చోటు దక్కడం గమనార్హం. ఆధునిక శస్త్రవైద్యం స్థూలకాయాన్ని వేరొక దృష్టితో చూసింది. 1954లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు చిన్నప్రేవులలో అధికభాగాన్ని ఆహారమార్గం నుండి తప్పించే పద్ధతిని ప్రకటించారు. బరువు తగ్గింది, కాని కాలేయం దెబ్బతినడం, మూత్రపిండాలలో రాళ్లు ఏర్పడడం వంటి ఉపద్రవాలు వెన్నంటి వచ్చాయి. క్రమంగా ఆ పద్ధతి మూలబడింది. పుండ్ల కారణంగా జీర్ణాశయంలో కొంతభాగం తొలగించిన స్త్రీలు సులభంగా బరువు పెరగకపోవడాన్ని గమనించిన అయోవా శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ మేసన్, 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్‌కు నాంది పలికాడు.

శస్త్రచికిత్సకు ఎవరు అర్హులు? బీఎంఐ 40, తీవ్రమైన అనుబంధ వ్యాధులుంటే 35 అని 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు నిర్ణయించింది. 2022లో రెండు శస్త్రవైద్య సంఘాలు కలిసి ఆ పరిమితిని, అనుబంధ వ్యాధులతో నిమిత్తం లేకుండా, 35కు తగ్గించాయి. ఆసియా ప్రజలకు 27.5 చాలునన్నాయి. తెలుగువారికి నేరుగా వర్తించేది ఈ చివరి అంకెయే.

అయితే 1991 ప్రకటన అంకెలతో ఆగలేదు. వివిధ శాఖల నిపుణులు కలిసి రోగిని పరీక్షించాలనీ, శస్త్రచికిత్సానంతరం యావజ్జీవ వైద్యపర్యవేక్షణ ఉండాలనీ అన్నది. అంకెలకు దక్కిన ప్రచారం ఈ షరతులకు దక్కలేదని నా అభిప్రాయం. బైపాస్ చేయించుకున్నవారిలో ఇనుము, బి12 విటమిన్ లోపాలు ఏళ్ల తరువాత కూడా తలెత్తవచ్చు. అప్పటికి వారు ఆసుపత్రి మెట్లెక్కి ఎంతకాలమైందో!