వైరస్ మొదటి పట్టు చక్కెర మీదే

గోల్‌బజార్ మిఠాయి దుకాణాల్లో రసగుల్లాలు తేలే పాకంలోని చక్కెరకీ, ఇక్కడ చెప్పబోయే చక్కెరకీ పేరొక్కటే గానీ పని వేరు. ఇవి మన కణాల పైపొర మీద గొలుసులుగా, కొమ్మలుగా మొలిచి ఉండే అణువులు. 2020లో ఆ బజారున్న ఖరగ్‌పూర్‌లోనే, ఐఐటీలో, కోవిరాప్ అనే పరీక్ష తయారైంది. కరోనా వైరస్ ఆర్‌ఎన్‌ఏ నమూనాలో ఉందో లేదో అది చెబుతుంది. వైరస్ కణాన్ని ఎలా పట్టుకుంటుందన్నది వేరే ప్రశ్న. దానికి అప్పట్లో పత్రికలన్నీ చెప్పిన జవాబు ఒకటే: ఏసీఈ2 అనే ప్రొటీన్. ఆ జవాబు తప్పని నేననను, సగమే అంటాను. మిగతా సగం చక్కెరలో ఉంది. దాని కథ కోవిడ్ కంటే దాదాపు ఎనభై ఏళ్ల ముందే మొదలైంది.

1941లో న్యూయార్క్‌లో జార్జ్ హర్స్ట్ ఫ్లూ వైరస్‌ని కోడి రక్తంతో కలిపి చూశాడు. మామూలుగా ఎర్రకణాలు పరీక్షనాళిక అడుగున చిన్న బొట్టులా పేరుకుంటాయి. వైరస్ కలిస్తే ఒకదానికొకటి అతుక్కుని అడుగంతా పల్చటి పొరలా పరుచుకున్నాయి. వెచ్చగా ఉంచితే కాసేపటికి అవే విడిపోయాయి, మళ్లీ అదే వైరస్ పోసినా ఈసారి అతుక్కోలేదు. అంటే వైరస్ దేన్ని పట్టుకుందో దాన్నే తెంచేసి పోయింది. తరువాత మెల్‌బోర్న్‌లో బర్నెట్ బృందానికి అదే పని చేసే ఎంజైమ్ కలరా క్రిమిలో దొరికింది. అది తెంచేది సియాలిక్ ఆమ్లం అనే చక్కెరని. 1936లో బ్లిక్స్ ఎద్దు లాలాజల గ్రంథుల నుంచి తీసిన పదార్థమే అది. కలరాతో తరతరాలుగా వేగిన బెంగాల్‌కి ఇది దూరపు సంగతి కాదు. ఖరగ్‌పూర్‌కి వందపైచిలుకు కిలోమీటర్ల దూరంలోని కలకత్తాలో 1959లో శంభునాథ్ డే కలరా విషం ఉనికిని కుందేలు పేగులో రుజువు చేశాడు. ఆ విషం పేగు కణాన్ని పట్టుకునేది కూడా సియాలిక్ ఆమ్లమున్న ఒక కొవ్వు–చక్కెర అణువు ద్వారానేనని తరువాత తేలింది. రోగక్రిములకి చక్కెర పాత పిడి.

కరోనా వైరస్‌ల వంతు 1988లో వచ్చింది. జలుబు తెచ్చే ఓసీ43, పశువుల కరోనా వైరస్, రెండూ ఫ్లూ సి లాగే ఎసిటైల్ సమూహం తగిలించుకున్న సియాలిక్ ఆమ్లాన్ని గుర్తుపడతాయని వ్లాసాక్, పాలేసీ తదితరులు చూపారు. 2017లో మెర్స్ వైరస్ కొమ్ము (స్పైక్) ప్రొటీన్ కూడా సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకుంటుందని తెలిసింది. 2020లో కాలిఫోర్నియాలో జెఫ్రీ ఎస్కో బృందం కోవిడ్ వైరస్ సంగతి తేల్చింది. కణాల మీది హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసుని ఎంజైమ్‌తో కోసేస్తే, ఏసీఈ2 ఉన్నచోటే ఉన్నా వైరస్ పట్టు సడలిపోయింది.

ఈ చక్కెర వాదానికి బలమైన అభ్యంతరాలున్నాయి. ఏసీఈ2 లేని కణంలోకి వైరస్ సాధారణంగా దూరలేదు, కాబట్టి చక్కెర అప్రధానం అంటారు. ఏసీఈ2 తప్పనిసరి అనడానికి అది రుజువు, అదొక్కటే చాలుననడానికి కాదు. ఒక్కో చక్కెర బంధం మరీ బలహీనం అన్నది రెండో మాట. నిజమే, కానీ జనపనార పోగుని వేళ్లతో తెంపేయొచ్చు, పేనిన తాడుని తెంపలేం. వైరస్ ఒంటి నిండా కొమ్ములు, కణం నిండా గొలుసులు, పట్టు ఒకటి కాదు. ఇటువైపు వాదించేవాళ్లూ ఒక పొరపాటు చేస్తారు: కోవిడ్ రోగులకి హెపరాన్ సల్ఫేట్‌ని పోలిన హెపారిన్ సూది వేశారు కదా అని సాక్ష్యం తెస్తారు. ఆ సూది వేసింది రక్తం గడ్డకట్టకుండా. దాన్ని ఈ లెక్కలో కలపకూడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. తొలినాటి కోవిడ్ వైరస్ కొమ్ముకి సియాలిక్ ఆమ్లం మీద ఉన్న పట్టు తరువాతి రకాల్లో పోయిందని 2022లో ఒక అధ్యయనం చూపింది. నా దృష్టిలో ఇది చక్కెర వాదాన్ని కొట్టెయ్యదు, ఏ చక్కెర, ఎప్పుడు అని విడివిడిగా అడగమంటుంది.

ఆ ప్రశ్నకి అన్నిటికంటే స్పష్టమైన జవాబు 2005లో హాంకాంగ్‌లో బయటపడ్డ హెచ్‌కేయూ1 అనే కరోనా వైరస్ నుంచి వచ్చింది. కోవిడ్‌లో ముందు ప్రొటీన్ దొరికి చక్కెర మరుగున పడితే, ఇక్కడ చాలాకాలం చక్కెర ఒక్కటే తెలుసు. 2023లో అది కణం మీద పట్టుకునే ప్రొటీన్ టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అని తేలింది. మూసుకుని ఉండే ఆ వైరస్ కొమ్ము, సియాలిక్ ఆమ్లం తగిలాకే విచ్చుకుంటుందని అదే ఏడాది మరో బృందం చూపింది.