అనంతపురంలో హీటర్ ఫ్యాను

వివేకానందుడు షికాగోలో మాట్లాడింది 1893 సెప్టెంబరులో. ఆ నవంబరులోనే అదే ఊరి ఆడమనిషి మార్గరెట్ విల్కాక్స్, బండి లోపల వెచ్చగా ఉంచే పరికరానికి పేటెంటు తీసుకుంది. మొదటి సంగతి మనకు బళ్లో చెప్పారు. రెండోది ఎవరూ చెప్పలేదు. ఆ కాలంలో అమెరికావాళ్లు రైలుపెట్టెను కూడా కారనే అనేవాళ్లు. అందుకే ఆమె ఆలోచన రైళ్లకు సంబంధించినదే అయినా, కారు హీటరు అనగానే ఆమె పేరే ముందు చెప్తారు.

తొలినాటి మోటారు కార్లకు పైకప్పే ఉండేది కాదు. చలికాలంలో కాళ్ల కింద కాల్చిన ఇటుకలు, ఒళ్లో కంబళ్లు పెట్టుకుని ప్రయాణం చేసేవాళ్లు. ఇంజనును చల్లబరిచి వచ్చే నీళ్లు ఎలాగూ సలసలా కాగి ఉంటాయి కదా, వాటిని ఒక చిన్న రేడియేటరులోకి మళ్లించి దాని వెనక ఒక ఫ్యాను పెడితే చాలునని తర్వాత ఎవరికో తట్టింది. 1930ల చివర నాష్ అనే అమెరికన్ కంపెనీ ఇంకొక అడుగు వేసింది. బయటి గాలిని లోపలికి లాగి, వడకట్టి, వేడి చేసి వదిలింది. ఈనాటికీ కార్లలో జరిగేది దాదాపు ఇదే.

మరి మన అనంతపురంలో హీటరెందుకమ్మా అంటారా? మా చెల్లెలూ అలాగే నవ్వింది. డిసెంబరులో తెల్లవారుజామున బెంగళూరు బయల్దేరితే తప్ప ఆ వేడితో మాకు పనిలేదు. కానీ వేడినీళ్ల వాల్వు మూసేస్తే అదే ఫ్యాను బయటి గాలిని తెచ్చి మొహాన కొడుతుంది. షెడ్డులో దాన్ని బ్లోయరు అంటారు. ఏసీ లేని పాత వ్యానుకి అదే ప్రాణం.

మా ఆయన ధర్మవరం నుంచి పట్టుచీరల మూటలు తెచ్చేది ఆ వ్యానులోనే. అద్దాలు దించితే దుమ్ము చీరల మీద పడుతుంది. వారానికోసారి ఆయాసం ఉన్న మా అత్తమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదీ అందులోనే. ఆమెకు దుమ్ము అసలే పడదు. అందుకని అద్దాలు ఎక్కించి బ్లోయరు వేస్తాం. ఈ వేసవిలో అది రోలు కింద రాయి పడ్డట్టు గరగరమని, ఆ తర్వాత కీచుకీచుమని అరవడం మొదలెట్టింది. ఆ రొద భరించలేక అత్తమ్మ ఆపేయమనేది. ఆపితే ఆమెకే ఊపిరి ఆడేది కాదు. "ఈ డొక్కు అమ్మేద్దాం" అన్నాడు మా వాడు. కొత్తది కొనే రోజులా ఇవి?

ఇలాంటి వ్యాన్ల కథ మన దగ్గర 1984లో మారుతీ వ్యానుతో మొదలైంది. జపాన్ సుజుకీ వాళ్ల నమూనా, 796 సీసీ ఇంజను. 1988లో దాని పేరు ఓమ్నీ అయింది, 2019 దాకా తయారైంది. (మాది ఇంకో కంపెనీది, పేరెందుకు లెండి.) బడిపిల్లలు, పెళ్లిబృందాలు, కూరగాయలు, ఆసుపత్రికి రోగులు, అన్నీ వ్యాన్లలోనే. మంచు కురిసే దేశాల కోసం పుట్టిన ఫ్యాను ఇలా కరువు సీమకు చేరింది.

ఇక్కడి గాలి సంగతి వేరు. పడమటి కనుమలు నైరుతి మబ్బులను అవతలే ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు వచ్చే తూర్పు సముద్రమేమో మనకు దూరం. ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వాన రాకున్నా గాలికి కొదవ లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈడ్చి కొడుతుంది. 1990లలో రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని చూసే. అదే గాలి ఎర్రదుమ్మునూ చెనక్కాయ పొట్టునూ తెచ్చి అద్దం కింది సందులో పోస్తుంది. బ్లోయరు పీల్చేది ఆ సందులోంచే.

మా మేస్త్రీ డాష్‌బోర్డు కింది పెట్టె ఊడదీసి, వైరు తప్పించి, స్క్రూలు తీసి ఫ్యానును బయటికి లాగితే నేను పక్కనే ఉన్నా. ఉడుత తిరిగే పంజరంలా చుట్టూ సన్నటి రెక్కలు. వాటి నిండా వేపాకు, పొట్టు, ఉండలు కట్టిన దుమ్ము. ఒక పక్కే బరువెక్కితే చక్రం అదురుతుంది, ఆ అదురుకు ఇరుసు పట్టుకునే బుష్షు అరుగుతుంది. ఆ బుష్షులు నూనె పీల్చుకున్న కంచువి. ఆ నూనె ఎండిపోతే కీచుమంటాయి. పైన నూనె పోస్తే వారం ఊరుకుని, దుమ్ముతో కలిసి బంకై మళ్లీ అరుస్తాయి. మాది శుభ్రం చేసి చూశాం, ఇరుసు అటూ ఇటూ ఊగుతూనే ఉంది. మోటారు మార్చక తప్పలేదు. కొత్తది కొనేటప్పుడు అది ఎటు తిరుగుతుందో కూడా చూసుకోవాలట. ఎదురు తిరిగితే గాలి సరిగ్గా రాదు.

మేస్త్రీ ఇంకో మాట చెప్పాడు. ఎండలో ఎత్తు ఎక్కుతూ ఇంజను కాగిపోతుంటే, ఏమీ ఆలోచించక హీటరు పూర్తిగా తిప్పి బ్లోయరు వేయమన్నాడు. ఇంజను వేడి కొంత మన మీదికి వస్తుంది, మనం ఉడుకుతాం, బండి మాత్రం దారి పక్కన ఆపుకునేదాకా బతుకుతుంది. విల్కాక్సమ్మ ఈ వాడకం ఊహించి ఉండదు!

ఓమ్నీ ఆగిపోయిన ఆ 2019లోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా వాళ్ల సెల్టోస్ బయటికొచ్చింది. దాని ముందుసీట్ల లోపలే గాలి ఆడే ఏర్పాటు కూడా ఉంది. మా వ్యానుకు మాత్రం, గాలి పీల్చే సందు మీద ఒక పాత పిండిజల్లెడ వల కత్తిరించి బిగించాను. గాలి కాస్త తగ్గింది. నెలకోసారి దులుపుతున్నా, ప్రతిసారీ దోసెడు పొట్టు రాలుతోంది.