రంగం పెట్టె

పోయిన నెలలో ఒక పెట్టె మీద మా ఇంట్లో చిన్న గొడవ జరిగింది. ఉద్దానంలో మా అత్తవారి పాత ఇల్లు ఖాళీ చేసి, సామాను పలాస తెచ్చుకుంటున్నాం. పాత టేకు సామాను కొనే మనిషి ఒకాయన వచ్చి, అటక కింద ఉన్న పెట్టె చూసి మంచి ధర చెప్పాడు. ట్రంకు పెట్టె కంటే పెద్దది, భోషాణం కంటే చిన్నది. నలుగురు పట్టుకుంటే గాని కదలదు. పలాస ఇంట్లో అది పెట్టడానికి చోటు లేదు. మా ఆయన సరే అనేశారు.

అత్తమ్మ మంచం మీంచి లేచి వచ్చి పెట్టె మీద కూర్చుంది. "ఏటి, ఇది అమ్మీస్తారా? ఇది రంగం పెట్టె. మా అయ్య సముద్రం దాటి తెచ్చినాడు. నేను పోయాక మీ ఇష్టం" అంది.

అది అత్తమ్మ పుట్టింటి నుంచి చీరలు పెట్టుకుని తెచ్చుకున్న పెట్టె అని మాత్రమే నాకు తెలుసు. పాతికేళ్ళ కాపురంలో దాని కథ నేనెప్పుడూ అడగలేదు. ఆ రాత్రి అడిగాను. ఆవిడ చెప్పినదానికి నేను చదువుకున్న నాలుగు ముక్కలు కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మన వైపు పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అంటారు. "రంగం ఎల్లిపోనాడు" అంటే ఒకప్పుడు బతకడానికి పోయాడని అర్థం. కొన్ని ఇళ్ళలో ఇక రాడని కూడా అర్థం. ఇంగ్లీషువాళ్ళు 1852లో దిగువ బర్మాని, 1885లో మిగతాదాన్ని పట్టుకున్నారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరప్‌లో గిరాకీ పెరిగింది. అడవులు నరికి పొలాలు చేశారు, రంగూన్‌లో బియ్యం మిల్లులు లేచాయి, రేవులో ఓడలు బారులు తీరాయి. కోయడానికీ, దంచడానికీ, మొయ్యడానికీ మనుషులు కావాలి. ఇటు మన గంజాం జిల్లాలో 1866లో ఒక కరువు, 1889లో ఇంకో కరువు. అటు పని, ఇటు ఆకలి, మధ్యలో మూడు నాలుగు రోజుల సముద్రం.

అప్పట్లో శ్రీకాకుళం జిల్లా లేదు. మన ఊళ్ళు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక మన భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950లో. గోపాలపూర్, బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ పొగ ఓడలు రంగూన్ వెళ్ళేవి. ఇప్పుడు బారువ వెళ్తే కోటిలింగేశ్వర స్వామి గుడి, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్ చూసి వస్తాం. అక్కడొక రేవు ఉండేదని మా పిల్లలకి చెప్తే నవ్వుతారు.

అత్తమ్మ వాళ్ళ పెదనాన్న ఆ బారువ రేవులోనే ఓడ ఎక్కాడట. మేస్త్రీ ఊరికి వచ్చి బయానా ఇచ్చాడు. ఆ డబ్బుతో పాత అప్పు తీరింది, ఓడ టికెట్టు కూడా అందులోంచే. అంటే మనిషి రంగూన్‌లో దిగేసరికే మేస్త్రీకి బాకీ. కూలి నేరుగా చేతికి రాదు, మేస్త్రీ చేతి మీదుగా వస్తుంది. బాకీ పట్టుకుని మిగిలింది ఇస్తాడు. పెదనాన్నది రేవులో ఓడలకి మూటలు ఎక్కించి దించే పని. అక్కడ ఆ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. రిక్షాలు లాగేవాళ్ళూ ఎక్కువగా మనవాళ్ళే. రంగూన్ జనాభాలో అప్పట్లో సగానికి పైగా భారతీయులు ఉండేవారంటే మీరు నమ్ముతారా?

పెళ్ళయిన రెండేళ్ళకి వెళ్ళాడు. నెల నెలా కాకపోయినా, రెండు మూడు నెలలకోసారి మనియార్డరు వచ్చేది. 1930 ఎండాకాలం తర్వాత అది ఆగిపోయింది.

ఆ మే నెలలో అక్కడ ఏం జరిగిందో నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. 5వ తేదీన పెగూలో పెద్ద భూకంపం వచ్చి రంగూన్ కూడా దెబ్బతింది. అదే రోజు ఇక్కడ గాంధీగారిని అరెస్టు చేశారు. ఆ నెలలోనే రేవులో మన కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలని పెట్టుకున్నాయి. తర్వాత సమ్మె తేలిపోయి మనవాళ్ళు పనికి తిరిగి వచ్చారు. పెట్టుకున్న బర్మా వాళ్ళని పొమ్మన్నారు. 26వ తేదీన రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. చనిపోయినవాళ్ళు వందకి పైనే. ఎక్కువమంది తెలుగు కూలీలు. ఇద్దరూ బీదవాళ్ళే, ఇద్దరికీ కావలసింది అదే పని. కూలి తగ్గించుకుందామని చూసినవాళ్ళకి మాత్రం ఒంటి మీద గాయం పడలేదు.

ఇక్కడికి వార్త ఎలా వచ్చిందంటే, పొరుగూరి మనిషి ఒకడు తిరిగి వచ్చి, "ఆ దినం తర్వాత మీవోడు కనపడనేదు" అన్నాడు. శవం లేదు, ఉత్తరం లేదు. ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. అక్కడ బర్మా పిల్లని కట్టుకుని ఉండిపోయుంటాడని. అలా ఉండిపోయినవాళ్ళు కొందరు నిజంగానే ఉన్నారు మరి. ఆ మాట విన్న పెదమ్మ పరిస్థితి ఊహించండి. చనిపోయాడని ఏడవాలో, వదిలేశాడని ఏడవాలో తెలియదు. బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో చెప్పేవాళ్ళు లేరు.

అప్పుడు అత్తమ్మ నాన్నగారికి ఇరవై ఏళ్ళు. వాళ్ళమ్మ తన వెండి మురుగులు అమ్మి చేతికి డబ్బిచ్చి, "అన్న పెట్టె తీసుకురా. అందులో ఏటుందో చూస్తే తెలిసిపోద్ది" అందట. కార్తీకం వెళ్ళాక బయల్దేరాడు. సముద్రం అప్పటికి కాస్త నెమ్మదిస్తుంది.

ఊరి నుంచి బారువకి అద్దె బండి. పెట్టె తెచ్చేటప్పుడు కూడా నువ్వే రావాలని బండివాడితో ముందే మాట్లాడుకున్నాడు. బారువలో ఓడ ఒడ్డుకి రాదు, లోతులో ఆగుతుంది. అలలు దాటించే పడవల్లో మనుషుల్ని ఓడ దగ్గరికి చేరవేస్తారు. ఓడ మీద మనవాళ్ళకి గదులుండవు, డెక్కు మీదే పడక. చోడిపిండి, అటుకులు, బెల్లం, కొబ్బరికాయలు మూట కట్టుకుని వెళ్ళాడు. ఇంకో సంగతి. బర్మా 1937 ఏప్రిల్ దాకా ఇండియాలో భాగమే. అందుకని పాస్‌పోర్టు అక్కర్లేదు. కాగితాల మీద పరాయి దేశం కాదు. అక్కడ దిగినవాడికి మాత్రం పరాయి దేశమే.

రేవులో దిగి ఏ పక్కకి వెళ్ళాలో తెలియక నిలబడితే, రిక్షా లాగే మనిషి ఒకడు, "ఏ ఊరు బాబూ మీది?" అని తెలుగులో అడిగాడట. టెక్కలి దగ్గరి పల్లె అతనిది. అతనే కూలీల బసకి తీసుకెళ్ళాడు. ఒక్కో గదిలో పదిహేను ఇరవై మంది. పెట్టె అక్కడే ఉంది. కానీ మేస్త్రీ ఇవ్వనన్నాడు. మీ అన్న బాకీ ఉన్నాడు, బాకీ కట్టి పట్టుకెళ్ళమన్నాడు. చచ్చిపోయినవాడికి బాకీ ఏమిటని అడిగితే, "చచ్చిపోయాడని ఎవరన్నారు? పారిపోయాడేమో" అన్నాడట. అత్తమ్మ ఈ మాట చెప్పి కాసేపు ఊరుకుంది. ఊరు అనుమానించిన మాటనే అక్కడ మేస్త్రీ బాకీ వసూలుకి వాడుకున్నాడు.

మురుగుల డబ్బులో తిరుగు టికెట్టుకి ఉంచుకుని మిగిలిందంతా అక్కడ పెట్టి పెట్టె విడిపించాడు. రిక్షా మీద పెట్టె, పక్కన నడుస్తూ తను. రేవు చేరాక కిరాయి ఎంతని అడిగితే రిక్షా అతను వద్దన్నాడు. నడుముకి కట్టుకున్న గుడ్డలోంచి ఐదు రూపాయలు తీసి, "మా అమ్మకిచ్చీ బాబూ" అన్నాడు. రసీదు లేదు, సాక్షి లేదు. ఇంటికి వచ్చిన మూడో రోజు తాత టెక్కలి వైపు నడిచి వెళ్ళి, ఆ ముసలమ్మని వెతికి, ఆ ఐదు రూపాయలూ ఇచ్చి వచ్చాడట. "మా అయ్య రంగం గురించి ఎక్కువసార్లు సెప్పింది ఇదే" అంది అత్తమ్మ.

బారువ దగ్గర దించేటప్పుడు పడవలోకి అల కొట్టి పెట్టె అడుగు తడిసింది. అడుగున తెల్లటి ఉప్పు చార ఇప్పటికీ ఉంది. నేను ఇన్నాళ్ళూ అది చెదలకి రాసిన సున్నం అనుకుంటున్నాను! సంక్రాంతి ముందు, చెప్పిన మాట ప్రకారం అదే బండి మీద ఇంటికి చేరింది.

పెట్టె తెరిస్తే రెండు లుంగీలు, ఒక ఇత్తడి గ్లాసు, దువ్వెన, దారంతో కట్టిన మనియార్డరు రసీదులు. చివరిది ఆ ఏప్రిల్ నెలది. వేరే కాపురం ఉన్నవాడి పెట్టె కాదది. పెదమ్మ ఆ రోజు బొట్టు తీసి ఏడ్చింది. అత్తమ్మకి ఊహ తెలిసేసరికి ఆవిడ ముసలిదైపోయింది. చదువు రాదు. కానీ మధ్యాహ్నాలు ఆ రసీదులు ఒళ్ళో పెట్టుకుని లెక్కపెట్టేదట. పదకొండు. ఎప్పుడు లెక్కపెట్టినా పదకొండే.

తర్వాత పెట్టె తెచ్చుకునే వీలు కూడా లేనివాళ్ళు లక్షల్లో ఉన్నారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, మనవాళ్ళు అరకాన్ కొండల మీంచి, మణిపూర్ దారిలో నడిచి వచ్చారు. వేలమంది దారిలోనే పోయారు. మళ్ళీ 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసింది, పెద్ద నోట్లు రద్దు చేసింది. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నది రేవులోనే వదిలి ఓడ ఎక్కారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు వినే ఉంటారు. అది అలా వచ్చినవాళ్ళ చోటే.

ఇదంతా ఎనభై తొంభై ఏళ్ళ కిందటి సంగతి అనుకుని ఊరుకుందును. కానీ మా తమ్ముడు మూడేళ్ళ కిందట గల్ఫ్ నుంచి కట్టుబట్టలతో వచ్చాడు. పనిచేసిన చోట జీతం ఆపేశారు, ఏజెంటు బాకీ అన్నాడు, గదిలో ఉన్న సూట్‌కేసు గదిలోనే ఉండిపోయింది. అందులో మా అమ్మకి కొన్న దుప్పటి, పిల్లకి కొన్న బొమ్మ ఉన్నాయని ఇప్పటికీ చెప్తాడు. విమానంలో నాలుగైదు గంటల దూరం. వెళ్ళి ఆ సూట్‌కేసు తెచ్చేవాళ్ళు మాత్రం మాకు లేకపోయారు. బయానాకి ఇప్పుడు వీసా ఖర్చని పేరు. మేస్త్రీని ఏజెంటు అంటున్నాం.

ఉద్దానంలో ఏ వీధికి వెళ్ళినా ఇంటికొకరు బయటే ఉన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి చెట్లన్నీ పడగొట్టాక ఇంకా పెరిగారు. ఆ తుఫాను రాత్రి పాత ఇంటి పైకప్పు లేచిపోయింది. తడవకుండా మిగిలినవి ఈ పెట్టెలో ఉన్న పొలం కాగితాలూ, అత్తమ్మ పెళ్ళి చీరా.

మర్నాడు ఆ కొనే మనిషి ఫోన్ చేస్తే, మా ఆయనే అమ్మం అని చెప్పారు. అత్తమ్మ కథ చెప్తున్నంతసేపూ గుమ్మం పక్కన నిలబడి విన్నారని నాకు అప్పుడు తెలిసింది. కిందటి ఆదివారం అద్దె వ్యాన్ మాట్లాడి పెట్టె పలాస తెచ్చాం. హాల్లో సోఫా ఒకటి తీసేశాం. వ్యాన్ అతను మోయించడానికి వంద రూపాయలు ఎక్కువ అడిగితే అత్తమ్మ, "ఇచ్చీయండి, దీనికి కిరాయి ఎప్పుడూ బాకీయే" అంది.

మీ ఇళ్ళలో కూడా అటక మీద ఇలాంటి పెట్టె ఏదైనా ఉందేమో చూడండి. అమ్మేముందు ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కసారి అడగండి. రసీదులు అత్తమ్మ దగ్గర లేవు. పెదమ్మ పోయినప్పుడు ఆవిడతో పాటే పంపేశారట. పదకొండూ.