ఘాజీ కథలో సినిమా ఎంత, చరిత్ర ఎంత?

డిసెంబరు 4 నేవీ డే వస్తే మన సంఘంలో పిల్లలు 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా మాటే ఎత్తుతారు. బరంపురం తెలుగువాళ్లం మనకి విశాఖ పరాయి ఊరు కాదు. అసలు జరిగింది ఇంట్లో మనమే చెప్పాలి.

సినిమాలో మన జలాంతర్గామి ఘాజీతో తలపడుతుంది. అది కల్పన. నిజానికి విక్రాంత్‌ను కాపాడింది ముందుగా ఓ ఎత్తుగడ.

1971లో విమానవాహక నౌక విక్రాంత్ బాయిలర్‌లో పగులు ఉండి పూర్తి వేగంతో పోలేకపోయేది. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ నవంబరులో కరాచీ నుంచి ఘాజీని పంపింది. తీరం దగ్గర జలాంతర్గామిని పసిగట్టడం కష్టం. లోతు తక్కువ కావడంతో సోనార్ పంపే ధ్వని నేలకు తగిలి చెదిరిపోతుంది, పడవల మోత దానికి తోడు. పైగా విశాఖ రేవులోకి డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఇరుకు దారి. దాని బయట శత్రువు మాటువేస్తే చాలు.

అందుకే తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్‌కు పంపేశారు. పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ చేత విక్రాంత్ వేషం వేయించారు. ఆ ఓడ నుంచి వైర్‌లెస్ సందేశాలు జోరుగా పంపించారు. రేవులో పెద్ద నౌకాదళమే ఉందనిపించేలా విశాఖలో మాంసం, కూరగాయలు భారీగా కొనిపించారు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు విశాఖకు వినిపించింది. ఘాజీలో ఉన్న తొంభైమందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు. నీటిపై తేలిన శకలాలు జాలరుల కంటపడ్డాయి. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలే కారణమని మన నౌకాదళం, తాము పెట్టిన మైన్లే పేలాయని పాకిస్తాన్ అంటాయి. ఈ వాదన నేటికీ తెగలేదు.

ఐదు రోజులకే, డిసెంబరు 9న, డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన ఖుక్రీని ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో పాటు 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. తీరం దగ్గరి నీళ్లు ఎవరి పక్షమూ కావు.

ఈసారి పిల్లల్ని విశాఖ బీచ్ రోడ్డులోని యుద్ధ స్మారకం దగ్గరకు తీసుకెళ్లినప్పుడు గెలుపు కథతో పాటు ఖుక్రీ పేరూ చెబుదాం.